అత్తగారి పెళ్ళి భోజనం

"మళ్ళీ చెప్పండక్కా, సరిగ్గా వినపడలేదు," అంది కోడలు, ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంటూ.

వినపడకేం, శుభ్రంగానే వినపడింది. అవతల మాట్లాడుతున్నది గరిటమ్మ. ఆవిడ అసలు పేరు ఆవిడకి పెళ్ళివంటలు ఒప్పజెప్పిన వాళ్ళెవరికీ గుర్తుండదు. ఎప్పుడు చూసినా చేతిలో గరిటె ఉంటుంది. గరిటె లేనప్పుడు కూడా చెయ్యి అలాగే తిప్పుతూ మాట్లాడుతుంది. ఫోన్లో అయినా సరే, పక్కన పెద్ద గిన్నె కుతకుతా ఉడుకుతున్నట్టు కేకలే.

"మీ ఆయనేనమ్మాయ్ ఫోన్ చేసింది! ఆదివారం వంట వద్దండీ, మానుకున్నాం అన్నాడు. ఎందుకు బాబూ అంటే నీళ్ళు నమిలాడు. సరే, ఇంకో పెళ్ళివాళ్ళు నా వెంట పడుతున్నారు, వాళ్ళకి మాటిచ్చేద్దామనుకున్నా. మనసొప్పక నిన్నో మాట అడుగుతున్నా."

ముందుగదిలో కుట్టుమిషన్ ఆగిపోయింది.

అదీ ఆ ఇంట్లో చిక్కు. మిషన్ తిరుగుతున్నంతసేపూ ఇంట్లో ఎవరేం గుసగుసలాడుకున్నా అత్తగారికి వినపడదు. మిషన్ ఆగిందా, ఇక గోడలకి కూడా చెవులొచ్చేసినట్టే.

"మీరెవరికీ మాటివ్వకండి. సాయంత్రంలోగా నేనే చెప్తాను," అని ఫోన్ పెట్టేసి కోడలు కాసేపు పొయ్యి దగ్గరే నిలబడిపోయింది. పాలు పొంగి గట్టు మీద పారాయి. తుడవాలని కూడా తోచలేదు.

ఇవాళ గురువారం. ఆదివారం పొద్దున ఈ ఇంటి పెరట్లో పెళ్ళి. పెళ్ళికూతురు అత్తగారు. లోకంలో అత్తగార్లు కోడళ్ళని వెతికి తెచ్చుకుంటారు గానీ, కోడలే అత్తగారి పెళ్ళికి కుర్చీలు, గిన్నెలు, వంటమనుషులు అంటూ తిరగడం ఈ వీధి ఇదివరకు చూసి ఎరగదు. చూడనివ్వు, కళ్ళు చల్లబడతాయి అనుకుని ఇన్నాళ్ళూ ఆమె తల ఎత్తుకునే తిరిగింది. వీధి సంగతి సరే, ఇంట్లోనే ఇలా అవుతుందని మాత్రం అనుకోలేదు.

ముందుగదిలో అత్తగారు మిషన్ ముందు అలాగే కూర్చుని ఉన్నారు. పెదవుల మధ్య గుండుసూదులు. ఆవిడ నలభై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నారు. మాట్లాడటం ఇష్టం లేనప్పుడల్లా పెదవుల మధ్యకి ఓ నాలుగు సూదులు చేరతాయి. ఇవాళ మాత్రం ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చారు.

"వాడేనా?"

"ఎవరత్తయ్యా?"

"నా కొడుకు. వంట వద్దన్నాడా?"

"ఏదో పొరపాటు అయ్యుంటుంది."

"వాడు పొరపాటు పడితే ఊళ్ళో లిఫ్టులు పడిపోవూ?"

కోడలికి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. కొడుకు లిఫ్టుల మెకానిక్. చేతిపనిలో ఎంత జాగ్రత్తో, మాటలో అంత పొదుపు.

"వద్దంటే వద్దులేవే," అన్నారు అత్తగారు, ఒళ్ళోని బట్ట మడత సరిచేస్తూ. "నేనే ఆయనకి చెప్తాను. మంచాయనే. అర్థం చేసుకుంటాడు. ఈ వయసులో నాకీ ముచ్చట లేకపోతే ఏం తక్కువని."

"వయసు సంగతి ఎవరన్నారత్తయ్యా? ఇది భోజనాల సంగతి. భోజనాలు నా పూచీ అన్నాను. నా పూచీయే."

"నా కోసం నువ్వూ వాడూ మాటలనుకోవద్దు."

"మేం ఎలాగూ అనుకుంటాం. ఈసారి మీ కోసం అనుకుంటాం. అంతే తేడా."

అత్తగారు ఆమె మొహంలోకి చూశారు. ఏదో అనబోయి, మళ్ళీ సూదులు తీసి పెదవుల మధ్య పెట్టుకున్నారు. ఇక మాటలు అయిపోయినట్టే. మిషన్ తిరగడం మొదలైంది గానీ ఆగి ఆగి తిరిగింది.

ఆ సూదుల చాటున నవ్వు దాగుందని మొదట కనిపెట్టింది కోడలే. రిటైరయిన బస్సు డ్రైవరొకాయన ప్యాంటు నడుము బిగించమని వచ్చాడు. మళ్ళీ వారం అదే ప్యాంటు వదులు చేయమని వచ్చాడు. ఆ పై వారం మళ్ళీ బిగించమన్నాడు. "ఆయన లావవుతున్నాడా, చిక్కుతున్నాడా అత్తయ్యా?" అని కోడలు అడిగితే, అత్తగారు సూదులు కింద రాలిపోయేలా నవ్వారు. మామగారు పోయాక ఆవిడ అలా నవ్వడం అదే మొదలు.

అలాంటి నవ్వు మళ్ళీ పోనిస్తుందా?

కళ్ళజోళ్ళ కొట్టులో తన పని పక్క సీటు అమ్మాయికి అప్పజెప్పి, మధ్యాహ్నం అయ్యేసరికి ఆమె మొగుడు పనిచేస్తున్న మేడల ముందు ఉంది. లిఫ్టు తలుపుకి అడ్డంగా తాడు కట్టి, 'పని జరుగుచున్నది' అని అట్ట వేలాడదీశారు. తలుపు తెరిచి ఉంది. లిఫ్టు పెట్టె ఎక్కడో పై అంతస్తులో ఆగి ఉంది. కింద గోతిలో, నుదుటికి కట్టుకున్న లైటు వెలుగులో, మొగుడు గ్రీజు చేతులతో ఏదో బిగిస్తున్నాడు.

ఆమె గోతి అంచున గొంతుక్కూర్చుంది.

"తమరు పైకి వస్తారా, నన్ను కిందికి దూకమంటారా?"

ఆ మాటతోనే అతనికి తెలిసిపోయింది. మామూలుగా ఆమె మొగుణ్ణి 'నువ్వు' అంటుంది. 'తమరు' అందంటే తుపాను హెచ్చరికే.

"పనిలో ఉన్నా."

"పనిలో కాదు, గోతిలో ఉన్నారు. మమ్మల్ని కూడా అందులోకే లాగారు. గరిటమ్మకి ఫోన్ చేశారట?"

పైనుంచి ఎక్కడో నూనె చుక్క జారి టప్పుమని పడింది.

"ఇంటికొచ్చాక మాట్లాడదాం."

"ఇంటికొస్తే అన్నం తిని దుప్పటి కప్పుకుంటారు. ఇక్కడే మేలు. తప్పించుకోవడానికి దారి లేదు." అంటూ గోతిలోకి వేసిన ఇనపనిచ్చెన పైకి లాగేసింది.

"ఏయ్! నిచ్చెన!"

"చెప్తే వస్తుంది."

అతను తల పైకెత్తాడు. నుదుటి లైటు ఆమె కళ్ళలో పడింది. తీసి జేబులో పెట్టుకున్నాడు. చీకట్లోంచి గొంతు మాత్రం వచ్చింది.

"పొయ్యిలు షెడ్డులో పెడతారట. షెడ్డు ఖాళీ చేయాలట."

"వానాకాలం. పొయ్యి మీద కప్పుండద్దూ? పెరట్లో షెడ్డు కాక ఇంకేముంది?"

"నేను పెళ్ళి వద్దన్నానా?" అన్నాడతను ఉన్నట్టుండి. "ఆయన ఇంటికొస్తే మొహం తిప్పుకున్నానా? అమ్మ నవ్వుతోంటే నాకు మాత్రం చేదా?"

"మరి?"

"గరిటమ్మ షెడ్డు సంగతి అడిగితే అమ్మ ఏమందో తెలుసా? 'అందులో ఏం లేదమ్మా, పనికిరాని సామాను, ఎవరికైనా ఇచ్చేద్దాం' అందట. గరిటమ్మ మామూలుగానే చెప్పింది నాతో. నాకే..."

ఆమె తొందరపెట్టలేదు.

"ఏం లేదట," అన్నాడు మళ్ళీ, మెల్లిగా. "నాన్న పొద్దున లేస్తే వడ్రంగం పనితో అందులోనే. నాకు లెక్కలు చెప్పింది అందులో. నాకు జ్వరమొస్తే, పని మానుకోలేక, చెక్కపొట్టు బస్తాల మీద దుప్పటి పరిచి పక్కనే పడుకోబెట్టుకున్నది అందులో. ఆయన పోయాక నేనే తాళం వేశా. ఇన్నేళ్ళూ అమ్మ ఒక్కసారి తాళంచెవి అడగలేదు. ఎందుకడగట్లేదో అనుకునేవాణ్ణి. ఏం లేదనుకుంటోంది కాబట్టి."

పోట్లాటకి మాటలన్నీ నూరుకుని వచ్చిందామె. ఒక్కటీ పనికిరాలేదు. నిచ్చెన మెల్లిగా కిందికి దింపింది.

"ఈ మాట నాతో చెప్పొచ్చుగా నువ్వు?"

'నువ్వు' అని వినేసరికి అతని భుజాలు కాస్త దిగాయి.

"చెప్తే నువ్వు అమ్మనడుగుతావు. అమ్మ ఏడుస్తుంది. పెళ్ళి ముందు అమ్మ ఏడవకూడదనిపించింది."

"అందుకని వంట మాన్పించావా? మాన్పిస్తే ఎగిరి గంతేస్తుందనుకున్నావా?"

"ఆలోచించలేదు," అన్నాడు. నవ్వు కాని నవ్వొకటి వచ్చి పోయింది. "ఫోన్ చేశాక తెలిసింది. అప్పటికే చేసేశా."

"తాళంచెవి ఏది?"

అతను చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "ఇవ్వను," అన్నాడు. చేతిలో ఉన్నది ఎవరో లాక్కుంటారని భయపడే పసివాడి మాటలా ఉంది తప్ప, అందులో కోపం లేదు. ఆమె ఇక అడగలేదు. కొంగుతో అతని చెంప మీది గ్రీజు తుడవబోతే ఇంకాస్త పులుముకుంది. అలాగే వదిలేసి లేచింది.

గరిటమ్మ ఇంటి వెనక రేకుల పంచలో పెద్ద పెద్ద గిన్నెలు బోర్లించి ఉన్నాయి, ఏనుగుపిల్లలు పడుకున్నట్టు. ఆవిడ ఉల్లిపాయల బస్తా ముందు కూర్చుని కుళ్ళినవి ఏరేస్తోంది.

"షెడ్డు లేకుండా కుదరదా అక్కా? ఇక్కడే వండి తెచ్చేస్తే?"

"తేవచ్చు. చల్లారిపోయింది తింటారు. అప్పుడది పెళ్ళి భోజనం కాదమ్మాయ్, ప్రయాణంలో తినే మూట."

"పోనీ, పెరట్లో పైన గుడ్డ కట్టి..."

"గుడ్డ కింద మంట పెడతావూ? పెళ్ళికొచ్చినవాళ్ళు భోజనం మానేసి బకెట్లు మోస్తారు." గరిటమ్మ ఉల్లిపాయ పక్కన పడేసి, చేతులు దులుపుకుని, గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గించడం కోడలు అదే మొదటిసారి వినడం. "ఆ షెడ్డు మాట నేనే అతనితో అన్నాను. అనకూడని మాటా?"

"మీరేం చేస్తారక్కా. మీకు తెలీదు."

"మీ అత్తగారు తన పెళ్ళి బట్ట నాకు చూపించింది తెలుసా, మొన్న వచ్చినప్పుడు? తనే కుట్టుకుంటోంది. ఎన్ని పెళ్ళిళ్ళకి వండానో. పెళ్ళికూతురు అంత సిగ్గుపడటం మాత్రం ఈ మధ్య చూడలేదు." మళ్ళీ చెయ్యి గరిటెలా తిరిగింది. "దీపాలు పెట్టే వేళకి అవతలివాళ్ళ మనిషి వస్తానన్నాడు. అప్పటిదాకా ఆపుతా. ఆ తర్వాత నా వల్ల కాదు. నా దగ్గరున్నది ఒకటే జట్టు."

ఆమె ఇల్లు చేరేసరికి ఆకాశం మబ్బు పట్టి ఉంది. పెరట్లో పెళ్ళికొడుకు డ్రైవరుగారు ఉన్నారు. డ్రైవర్ల సంఘం ఆఫీసు నుంచి మడతకుర్చీలు బండి మీద వేయించుకొచ్చి, ఒక్కొక్కటీ విప్పి, తడిగుడ్డతో తుడిచి, గోడ వారగా పేరుస్తున్నారు. ఏ కుర్చీ కాలు కుంటుతోందో తనే కూర్చుని, అటూ ఇటూ ఊగి చూసుకుంటున్నారు. జరిగినదేదీ ఆయనకి తెలియదు.

"వచ్చావామ్మా," అన్నారు నవ్వుతూ. "భోజనాలకి వరస ఇటు పెడదామా, అటు పెడదామా?"

"ఇప్పుడే చెప్తానండి," అని తల తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అత్తగారు వంటింట్లో బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. కోడలు ఎదురుగా కూర్చుంది. అటు తిప్పి ఇటు తిప్పి చెప్పడం ఆమెకి చేతకాదు.

"షెడ్డులో ఏం లేదన్నారట అత్తయ్యా, గరిటమ్మతో."

రాళ్ళేరే వేళ్ళు ఆగిపోయాయి.

"అదా వాడి బాధ?"

"అదే."

బయట కుర్చీ విప్పుతున్న చప్పుడు, మళ్ళీ మడుస్తున్న చప్పుడు. ఆవిడ చేటలో బియ్యం ఒక పక్కకి తోసి, మళ్ళీ రెండో పక్కకి తోశారు.

"ఏం లేదని నాకు నేను చెప్పుకున్నానే," అన్నారు చివరికి. "లోపలికెళ్ళి చూశానంటే ఈ పెళ్ళి చేసుకోలేను. మీ మామగారు పోయిన రోజు నుంచీ ఆ తలుపు వైపు చూడకుండా బట్టలారేస్తున్నాను. నువ్వు గమనించలేదా? మిషన్ కూడా ముందుగదిలోకి మార్చుకున్నది అందుకే. వెనక గదిలో కిటికీ తీస్తే షెడ్డే. ఏం లేదనుకుంటేనే కదా, ఓ కొత్త మనిషి ఎదురుగా కూర్చుంటే నవ్వగలిగాను? అంతా ఉందే అందులో. అంతా అందులోనే ఉంది."

వెనక గుమ్మంలో ఎవరో ముక్కు ఎగబీల్చారు.

కొడుకు. చెంప మీద గ్రీజు అలాగే ఉంది. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో. జేబులోంచి తాళంచెవి తీసి తల్లి ముందు, చేటలో బియ్యం మీద పెట్టాడు.

"నేను తప్పుగా అనుకున్నానమ్మా."

"నువ్వేం తప్పుగా అనుకోలేదు. నేను చెప్పలేదు, నువ్వడగలేదు. మీ నాన్నా అంతే. నోరు విప్పడానికి మనింట్లో మంచి రోజు చూడాలి."

"నువ్వే తియ్యమ్మా," అన్నాడు తాళంచెవి చూపిస్తూ. "నీకు తియ్యాలని లేకపోతే ఎవరం తియ్యం. గరిటమ్మని వద్దందాం. కొట్లో రొట్టెలు తెచ్చి పెడదాం అందరికీ."

"నా పెళ్ళికి రొట్టెలా?" అన్నారు అత్తగారు. అలా అంటూనే లేచారు.

తాళం తుప్పు పట్టి మొరాయించింది. కొడుకు చెయ్యి వేయబోతే ఆవిడ వద్దన్నారు. తలుపు తెరుచుకోగానే పాత చెక్క వాసన గుప్పున కొట్టింది. పనిముట్లు గోడకి ఎక్కడివక్కడే వేలాడుతున్నాయి. షెడ్డుకి సగం మేర పరుచుకుని పెద్ద పనిబల్ల. దాని మీద వేలి మందాన దుమ్ము. అత్తగారు దేన్నీ ముట్టుకోలేదు. మూలనున్న ముక్కాలిపీట మీద కూర్చుండిపోయారు. అంతే.

కొడుకు బల్ల మీద దుమ్ము అరచేత్తో తుడిచాడు. ఇంకోసారి తుడిచాడు. ఉలి గాట్లు బయటపడ్డాయి.

"అమ్మా. ఇది బయటికి తీస్తే పొయ్యిలకి చోటొస్తుంది. తీసి పారేయడం కాదు. పెరటి మధ్యలో వేద్దాం. భోజనాలు దీని మీదే పెడదాం. నాన్న... నాన్న కూడా ఉన్నట్టుంటుంది."

అత్తగారు తల ఊపారు.

అతను తలుపులోంచి తొంగిచూసి, కుర్చీల దగ్గరున్న ఆయన్ని పిలిచాడు. "ఆ చివర కాస్త పడతారా?"

డ్రైవరుగారు చేతులు తుడుచుకుని వచ్చారు. బల్లని, దాని వెనక పీట మీద కూర్చున్నావిడని చూశారు. బయట నిలబడి ఓ చివర పట్టుకున్నారు. లోపలి నుంచి కొడుకు ఎత్తి తోశాడు. బల్ల పక్కకి ఒరిగి, తలుపులోకి సగం వచ్చి, బిగుసుకుపోయింది. ముందుకి రాదు, వెనక్కి పోదు. "కాస్త ఎడమకి." "మీ ఎడమా, నా ఎడమా?" "పైకెత్తండి." "ఎత్తే ఉన్నాను బాబూ." లిఫ్టులు ఎక్కించి దించేవాడు ఒకడు, బస్సుని సందుల్లోంచి తీసినాయన ఒకరు. ఇద్దరూ కలిసి ఒక బల్లని తలుపు దాటించలేకపోతున్నారు.

అప్పుడు నవ్వారు అత్తగారు. లోపలి నుంచి, గట్టిగా.

"అది రాదురా! ఇందులోనే కూర్చుని చేశాడు మీ నాన్న దాన్ని. చేస్తున్నప్పుడే చెప్పాను, ఇది తలుపులోంచి బయటికి రాదయ్యా అని. 'బయటికెందుకే, నేను లోపలే ఉంటాగా' అన్నాడు."

నవ్వు అక్కడే విరిగిపోయింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు గానీ ఆగలేదు. ఇన్నేళ్ళుగా ఆరేసిన బట్టల చాటున దాచుకున్నదంతా ఒక్కసారే వచ్చింది. కొడుకు బల్ల వదిలి తల్లి పక్కన కూలబడ్డాడు. ఆవిడ తలని భుజానికి ఆనించుకున్నాడు.

బయట డ్రైవరుగారు తన చేతిలోని చివరని నేలకి చప్పుడు కాకుండా ఆనించారు. కుర్చీ వీపు మీది తడిగుడ్డ తీసి పిండి, తీగ మీద ఆరేశారు. చెప్పులు వేసుకుని గేటు తీసి, బయటికెళ్ళి, మళ్ళీ జాగ్రత్తగా వేశారు.

పెరటి మధ్యలో నిలబడ్డ కోడలు గేటు వైపు రెండడుగులు వేసింది. అదే సమయానికి చేతిలో ఫోను మోగింది. గరిటమ్మ.

గేటు చప్పుడు విని కొడుకు బల్ల మీదికెక్కి ఇవతలికి దూకాడు. గేటు దగ్గరికి పరిగెత్తాడు. డ్రైవరుగారు ఎక్కడికీ పోలేదు. గేటు పక్క గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"వానొచ్చేలా ఉంది. లోపలికి రండి."

"పరవాలేదు బాబూ." ఆయన గొంతులో నిష్ఠూరమేమీ లేదు. "స్టాపులో ఓ మనిషి ఎక్కాలా వద్దా అని నిలబడి ఆలోచించుకుంటుంటే హారన్ కొట్టకూడదు. ఆగాలి. మీ అమ్మగారు తనంతట తాను ఆ గడప దాటి వస్తే నేను లోపలికొస్తాను. నీ కోసమో, కోడలి కోసమో వస్తే వద్దు."

"రాకపోతే?"

ఆయన కాసేపు గేటు చువ్వల వైపు చూశారు.

"కుర్చీలు రేపు తీసుకెళ్తాను. ఆవిడకేం కోపం తెప్పించకండి. ప్యాంటు మాత్రం అక్కడే ఉండనివ్వండి."

కోడలు ఫోన్ ఎత్తింది. మొదటి చినుకు ఆమె మోచేతి మీద పడింది.

"అమ్మాయ్, వాళ్ళ మనిషి నా గుమ్మంలో నిలబడ్డాడు," గరిటమ్మ కేక. "ఔనా, కాదా?"

షెడ్డు తలుపుకి అడ్డంగా బల్ల అలాగే బిగుసుకుని ఉంది. దాని వెనక అత్తగారు ఒక్కరే ఉన్నారు. ఏడుపు వినపడటం లేదు.

"అమ్మాయ్! ఉన్నావా?"

"ఉన్నానక్కా. ఒక్క క్షణం."

అప్పుడు వినపడింది. లోపల గచ్చు మీద, బరబరా, ముక్కాలిపీట ఈడుస్తున్న చప్పుడు. బల్ల ఎక్కి ఇవతలికి రావడానికో, ఇంకా లోపలికి జరిగి కూర్చోవడానికో ఆమెకి తెలియలేదు. ఫోన్‌ని గుండెకి అదుముకుని, ఆ చీకటి తలుపు వైపే చూస్తూ నిలబడింది.